ఇంటి గాలి – దానిని శుభ్రపరచు యంత్రములు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మగ్గములను గూర్చియు, నూలు ధరలను గూర్చియు, బాలబాలికల విద్యను గూర్చియు ఉపన్యసించుటకు మనలో సమర్థులు పలువురు కలరు. మాకు కార్యనిర్వాహక వర్గమువారు వేరొక విషయము నొప్పగించిరి. మన పోషకులలో ఒక యుదారులు, విద్యార్థి వసతిగృహమునకును, ఉబ్బసపు పిల్లలున్న నేతకుటుంబములకును గాలిని శుభ్రపరచు యంత్రములను, అనగా ఎయిర్ ప్యూరిఫయర్లను, కొనియిచ్చెదమని వాగ్దానము చేసియున్నారు. ఆ ధనము ఎట్లు వినియోగించిన పిల్లల ఊపిరికి హెచ్చు మేలు కలుగునో చెప్పుడని మమ్ము కోరిరి. దాతను నొప్పింపక నిజము చెప్పుట వక్తలకు కష్టమైన పని. కాని ఆ దాతగారే "యంత్రము పనిచేయనిచోట పెట్టవలదు" అని ముందుగా సెలవిచ్చి మా పనిని తేలిక చేసిరి. వారికి మా వందనములు.

మృగశిర కార్తె ప్రవేశించునాడు హైదరాబాదులో చేపప్రసాదముకొరకు బారులు తీరు జనమును చూచినవారికి, ఉబ్బసము ఎందరిని పీడించుచున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. వారిలో అందరిది ఎలర్జీ కాదు. కాని పిల్లలలో పలువురి ఉబ్బసమునకు ఎలర్జీయే మూలము. శరీరమునకు హానిచేయని వస్తువును శత్రువుగా నెంచి, శరీరము దానిపై యుద్ధము ప్రకటించుటయే ఎలర్జీ. తుమ్ములు, కన్నుల దురద, రాత్రివేళ పిల్లికూతలు, ఇవన్నియు ఆ యుద్ధపు చప్పుళ్లే. మాంచెస్టరు నగర వైద్యుడైన బ్లాక్లీ, గడ్డిపుప్పొడియే తన తుమ్ములకు కారణమని తన శరీరముమీదనే పరీక్షలు జరిపి 1873లో గ్రంథము ప్రకటించెను. ఎలర్జీ అను మాటను 1906లో వియన్నా వైద్యుడు పిర్కే కల్పించెను. 1920 దశకమున హాలెండు దేశమందలి లైడెను నగరములో స్టార్మ్ వాన్ ల్యూవెన్ అను పండితుడు ఉబ్బసరోగులను ప్రత్యేకముగ కట్టించిన గదులలో నుంచి, వెలుపలి గాలిని శుభ్రపరచి లోనికి పంపి చూచెను. గదిలో నున్నంతకాలము పలువురికి ఉపశమనము కలిగెను. నేటి అంగడి యంత్రములకు పూర్వికులు ఆ గదులే. అయితే అచట గదియే యంత్రము. పరుపు మొదలు గోడవరకు సమస్తమును వారు మార్చిరి. నేడు మనము పాత గదిలో పాత పరుపుప్రక్కన ఒక పెట్టె నుంచి అదే ఫలమును కోరుచున్నాము.

ఆ పెట్టెలో ఏమున్నదో మన కులమువారికి చెప్పుట మిక్కిలి సులభమనుకొంటిమి గాని, నిజమునకు మనకే కొంచెము కష్టము. ఏలయన, వడపోత యనగానే మనకు వస్త్రము స్ఫురించును. పడుగు పేకలు ఎంత చిక్కగనున్న అంత చిన్న రేణువును ఆపునని తలంతుము. హెపా యను పేరుగల ఫిల్టరు అట్టిది కాదు. దానికి పడుగును లేదు, పేకయు లేదు. మిక్కిలి సన్నని గాజునారనో, కృత్రిమపు నారనో క్రమములేక చాపవలె పరచి, మడతలు మడతలుగ నమర్చెదరు. పోగుల నడుమ సందులు, అది పట్టుకొను రేణువులకంటె పెద్దవియే! ఐనను రేణువు తప్పించుకొనజాలదు. పెద్ద రేణువు గాలితోపాటు మలుపు తిరుగలేక పోగునకు తగిలి అంటుకొనును. అతి సూక్ష్మమైనది గాలియణువుల తాకిడికి ఇటునటు తూలుచు ఏదో యొక పోగుపై పడును. ఈ రెంటికిని నడుమనున్నది, మైక్రానులో సుమారు 0.3 భాగము పరిమాణము గలది, పట్టుటకు కష్టము. అందుకే దానితోనే పరీక్షించి, నూటికి 99.97 పాళ్లు ఆపినదానిని హెపా యందురు. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో అణుపరిశోధనలు జరిపిన చోట, విషధూళిని ఆపుటకై ఈ విద్య వృద్ధి చెందెను. నేత లేని ఈ బట్ట, నేసిన బట్ట చేయలేని పనిని చేయుచున్నదని నేతగాండ్రమైన మనము ఒప్పుకొనక తప్పదు.

కావున యంత్రము మోసమని మేము చెప్పరాలేదు. దానిగుండ పోయిన గాలి శుభ్రమగును. ప్రశ్న వేరు: మన పిల్లవానిని బాధించు వస్తువు ఆ గాలిలో తేలుచున్నదా?

మన యిండ్లలో ఎలర్జీకి ముఖ్యకారణములలో నొకటి దుమ్ములో నివసించు సూక్ష్మమైన పురుగు. మిల్లీమీటరులో మూడవ వంతైనను ఉండదు, కంటికి కానరాదు. పరుపులలో, దిండ్లలో, బొంతలలో నుండి, మన చర్మమునుండి రాలు పొట్టును తిని బ్రతుకును. గాలిలో తేమ హెచ్చుగనున్న మన కోస్తా జిల్లాలు దానికి అత్తవారిల్లు. ఆ పురుగుకంటె దాని మలము మనకు శత్రువు. ఆ మలపు రేణువులు బరువైనవి; పరుపు దులిపినపుడు లేచి, కొలది నిమిషములలోనే మరల క్రిందికి దిగును. పిల్లవాడు దిండులో ముఖముంచి రాత్రియంతయు పీల్చుచుండగా, గది మూలనున్న యంత్రము ఆ దిండులోనిదానిని ఎట్లు లాగగలదు? ఇచ్చట యంత్రముచేత కలుగు లాభము స్వల్పము. పరుపునకును దిండునకును పురుగు దూరని దట్టమైన గలీబులు తొడుగుట, దుప్పట్లను వారమున కొకసారి 60 డిగ్రీల వేడినీటితో ఉతుకుట, బొంతలను మండుటెండలో ఆరవేసి దులుపుట, ఇవి హెచ్చు పనిచేయును. మన అవ్వలు ఎండాకాలమున పరుపులను మేడమీద వేయుచుండిరి. వారికి పురుగు సంగతి తెలియదు గాని పని తెలియును.

పిల్లి, కుక్క గల యిండ్లలో సంగతి వేరు. పిల్లియొక్క చర్మమునుండి రాలు సూక్ష్మరేణువులు గంటల తరబడి గాలిలో తేలియుండును. వాటిని యంత్రము పట్టగలదు. పుప్పొడిని, బూజుబీజములను కూడ గాలిలో నున్నంతవరకు పట్టును. పూనా, షోలాపూరు మొదలు మన ఊళ్ల పోరంబోకులవరకు వ్యాపించిన వయ్యారిభామ పుప్పొడిచే తుమ్మువారు, తలుపులు మూసిన గదిలో యంత్రము నుంచుకొని కొంత సుఖపడవచ్చును. అట్లే దీపావళి రాత్రి, భోగిమంటల తెల్లవారుజామున. పొగ ఎలర్జీ కాకపోయినను, ఎలర్జీచే వాచిన ఊపిరిగొట్టములకు అది పుండుమీద కారము. పొగ రేణువులు అతి సూక్ష్మములు. యంత్రమునకు అవియే తగిన యాహారము.

ఐతే పొగను మనమే పుట్టించుకొని, యంత్రముతో పట్టించుట వింతగదా! దోమల చక్రమునే తీసికొనుడు. ఒక చక్రము కాలి వెలువరించు సూక్ష్మధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. ఒకే గదిలో ఒక మూల చక్రమును, వేరొక మూల యంత్రమును నడుపువారు, చిల్లికుండలో నీరు పోయుచున్నవారే. దోమతెర వెల ఎంత? అది నేసినది మనవారే కావచ్చును. అగరువత్తులు, సాంబ్రాణి విషయమున మేము భక్తులను నొప్పింపము. పిల్లవాడు పరుండు గదిలో కాక దేవుని గదిలోనే వెలిగించి, కిటికీ తెరచిన చాలును.

ఇక మన వృత్తి. భావనాఋషి తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రములు నేసెనని పెద్దలు చెప్పుదురు. తామరనార సంగతి దేవతలకే తెలియును. ప్రత్తినూలునకు మాత్రము దుమ్ము కలదు. ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లో వృత్తిరోగములను గూర్చి వ్రాసిన గ్రంథములోనే జనుపనార దువ్వువారి దగ్గును వర్ణించెను. నూలుమిల్లులలో ప్రత్తి శుభ్రపరచుచోట, వడకుచోట పనిచేయువారికి బిసినోసిస్ అను ఊపిరిజబ్బు వచ్చును. సెలవుదినము గడచి మరల పనిలోనికి దిగిన నాడే రొమ్ము బిగియుట దాని గురుతు. ఇది సరియైన యర్థమున ఎలర్జీ కాదు; ప్రత్తితో వచ్చు సూక్ష్మజీవుల విషము దీనికి ముఖ్యకారణమని పండితుల యభిప్రాయము. అమెరికాలో 1978లో మిల్లుల ప్రత్తిదుమ్మునకు పరిమితి విధించిరి. మన గుంటమగ్గములయొద్దకు వచ్చునది వడకిన నూలు గనుక దుమ్ము మిల్లులలో కంటె తక్కువయే. ఐనను కండెలు చుట్టునపుడును, పడుగు సవరించునపుడును నూగు లేచును; ఆ పని చేయువారు స్త్రీలు, ప్రక్కన ఆడుకొనువారు బిడ్డలు. మిల్లునకు తనిఖీదారు వచ్చును. మన యింటికి ఎవరును రారు. షోలాపూరు, భీవండి, సూరతు, సిరిసిల్లలలో మరమగ్గములచెంత పనిచేయు మనవారి సంగతి చెప్పనేల? ఒకే గదిలో వంట, నిద్ర, పని జరుగు కాపురములు ఎన్నియో కలవు.

అట్టిచోట యంత్రము నిలుపుమని కొందరు ఉత్సాహపడుచున్నారు. అది డబ్బు దండుగ. నూగు యంత్రపు ముందువలను కొలది దినములలోనే మూసివేయును. పైగా మగ్గపుపాకకు తలుపు తెరచియే యుండును. పెంకుల సందులనుండి గాలి ఆడుచుండును. శుభ్రపరచినంత వేగముగ క్రొత్త దుమ్ము వచ్చును. ఆ ధనముతో గాలిని బయటికి నెట్టు పంకా నొకటి గోడకు బిగించి, కండెలు చుట్టు పనిని పంచపాళిలోనికి మార్చి, చీపురుతో ఊడ్చుట మాని తడిగుడ్డతో తుడిచిన హెచ్చు లాభము. యంత్రములకు మేము విరోధులము కాము. చింతకింది మల్లేశంగారు తల్లి భుజముల నొప్పి చూడలేక 1999లో ఆసుయంత్రమును నిర్మించి, 2017లో పద్మశ్రీ పొందిరి. ఆ యంత్రము తల్లి పనిని చూచి పుట్టినది గనుక ఆ పనికి సరిపోయెను. అంగడి పెట్టె మన గదిని చూచి పుట్టలేదు. గదిని చూచి మనమే ఎన్నుకొనవలెను.

ఎన్నుకొనుటలో ఒక లెక్క ముఖ్యము. పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు గల గదిలో 1200 ఘనపుటడుగుల గాలి, అనగా సుమారు 34 ఘనపు మీటర్లు, ఉండును. ఆ గాలి గంటకు ఐదుమారులు వడగట్టబడవలెనన్న, గంటకు 170 ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి నిచ్చు యంత్రము కావలెను. పెట్టెమీద సి.ఎ.డి.ఆర్. అను నాలుగు అక్షరములచెంత ఈ యంకె వ్రాయబడియుండును. అదియు పంకా పూర్తి వేగమున తిరుగునప్పటి యంకె. చప్పుడునకు జడిసి రాత్రి వేగము తగ్గించినచో ఫలమును తగ్గును. కావున కొంచెము పెద్దది కొని నెమ్మదిగ నడుపుట మేలు. 40 వాట్ల యంత్రము రాత్రి 10 గంటలు నడచిన నెలకు 12 యూనిట్ల విద్యుత్తు అగును. అది భారము కాదు. భారమంతయు ఫిల్టరులో నున్నది. ఆరునెలలకో సంవత్సరమునకో దానిని మార్చవలెను. మార్చని యంత్రము చప్పుడుచేయు పంకా మాత్రమే.

ఓజోనును పుట్టించి గాలిని "తాజా"గ చేయుదుమను యంత్రములను ఎవరు ఉచితముగ నిచ్చినను తీసికొనవలదు. ఓజోను ఊపిరితిత్తులను రేపును. ఉబ్బసము గలవారికి మరియు కీడు. కాలిఫోర్నియాలో 2007లో గృహయంత్రముల ఓజోనునకు పరిమితి నిర్ణయించిరి. మరియొక మాట: ఈ యంత్రములు కార్బన్ మోనాక్సైడును తీసివేయవు. తలుపులు బిగించి, లోపల కుంపటి యుంచి, యంత్రము నడుచుచున్నది గదా యని పరుండువారు ప్రాణములతో చెలగాటమాడుచున్నారు.

యంత్రమొక్కటే ఉబ్బసమును నయముచేయునా? పరిశోధనల ఫలితములు ఏకముఖముగ లేవు. అమెరికా ప్రభుత్వ వైద్యసంస్థవారు 2020లో సవరించిన ఉబ్బస చికిత్సా సూచనలలో, ఏ యొక్క ఉపాయమును నమ్మక, రోగికి పడని వస్తువేదో తెలిసికొని, దానిపై పలు ఉపాయములను కలిపి ప్రయోగింపవలెనని చెప్పిరి. ఫిల్టరు ఆ పలు ఉపాయములలో నొకటి. పడని వస్తువేదో చర్మపరీక్షచే వైద్యుడు తెలుపగలడు. అది తెలియక యంత్రము కొనుట, కొలత లేక రవిక కుట్టుట.

మాకు ముఖ్యముగ భయము కలిగించునది వేరొకటి. ఇన్‌హేలరు అలవాటగునని, పిల్ల పెండ్లికి అడ్డమగునని దానిని దాచు తల్లిదండ్రులు మనలో నేటికిని కలరు. అట్టి యింటికి యంత్రము వచ్చినచో, "ఇక మందెందుకు?" అని మానివేయుదురు. ఈ మాట మేము పలుచోట్ల వినియున్నాము. ఉబ్బసము తేలికగ నున్నట్లు కనబడిన పిల్లలుకూడ ఒక్కరాత్రి ఉధృతితో ప్రాణాపాయమునకు లోనగుదురు. వాపు తగ్గించు మందు ప్రతిదినము పీల్చుటచేత ఆ రాత్రి ముప్పు తగ్గును. యంత్రము ఆ మందునకు తోడు కాగలదే గాని బదులు కాదు.

కావున దాతగారికిని, వర్గమువారికిని మా విన్నపము. ఇచ్చు ధనములో మొదటి భాగము పరీక్షలకును, మందులకును కేటాయింపుడు. వసతిగృహమున ప్రతి పరుపునకు గలీబు, వేడినీటి ఉతుకుడు, తడి తుడుపు ఏర్పరచి, చక్రములను మాన్పించి దోమతెర లిండు. పిమ్మట, పుప్పొడియో పిల్లియో బూజో పడదని తేలిన పిల్లలు నిద్రించు గదులకు, బూజు విషయమున గోడ చెమ్మను బాగుచేసిన తరువాత, యంత్రము లిండు. యంత్రముతోపాటు మూడేండ్ల ఫిల్టర్ల వెలయు సంఘపు ఖాతాలో నుంచుడు. పది యంత్రములను ఫిల్టర్లు లేక యిచ్చుటకంటె నాలుగింటిని ఫిల్టర్లతో నిచ్చుట నయము. ఛాయాచిత్రములో పది హెచ్చు శోభగ నుండునని మేమెరుగుదుము.

గది కొలతలు, పిల్లవాని వయస్సు, వైద్యుని అభిప్రాయము వ్రాయుటకు కాగితములు సభాద్వారముకడ మేజాపై నున్నవి. కావలసినవారు నేడే తీసికొని, నెలలోపల కార్యదర్శిగారికి పంపవలెను. కొలత వ్రాయునపుడు మగ్గపుగది కొలత కాక, పిల్లవాడు పరుండు గది కొలత వ్రాయవలెనని ప్రార్థించుచున్నాము.