జైలు స్టాఫ్‌కి అప్‌డేట్ ఎప్పుడు?

రెండేళ్లుగా సెక్యూరిటీ అప్‌డేట్ రాని ఫోన్‌లో మీరు బ్యాంక్ యాప్ వాడతారా? వాడరు కదా. మరి సబ్ జైల్లో వార్డర్, ఉద్యోగంలో చేరినప్పుడు నేర్చుకున్నదానితోనే నెట్టుకొస్తుంటే?

ఒక్క ఉదాహరణ చెప్తా. 2024 జూలై 1న సీఆర్‌పీసీ పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చింది. అందులో సెక్షన్ 479 ఉంది. విచారణ ఖైదీకి ఇంతకు ముందు ఏ కేసులోనూ శిక్ష పడి ఉండకపోతే, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల ఉన్నాక బాండ్ మీద విడుదల చేయాలి. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు, అంటే ఏడాది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకి, ఒకటికి మించి కేసులు నడుస్తున్నవాళ్లకి ఇది వర్తించదు.

అసలు పాయింట్ ఏంటంటే, ఆ గడువు పూర్తవగానే కోర్టుకి అప్లికేషన్ పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. పాత కేసులకీ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. జైల్లో ఈ లెక్క ఎవరికీ రాకపోతే, బయటికి రావాల్సిన మనిషి లోపలే ఉండిపోతాడు.

ట్రైనింగ్‌కి పంపొచ్చుగా అంటారు. దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారుల కోసం వెల్లూరులో 1979 నుంచి అకాడమీ ఉంది. మంచిదే. కానీ ఒక సబ్ జైల్లో ఐదుగురే ఉన్నారనుకోండి. ఇద్దరు వారం పాటు వెళ్తే, మిగిలిన ముగ్గురే రాత్రీ పగలూ కాపలా కాయాలి. ఇక్కడ పెద్ద ఖర్చు ఫీజు కాదు, డ్యూటీలో మనిషి లేకపోవడం.

అందుకే ట్రైనింగే జైలుకి రావాలంటా. డ్యూటీ మారే టైంలో 15 నిమిషాలు, వారానికి ఒక్క టాపిక్ చాలు. ఒక వారం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయర్ వచ్చి, ఆ జైలు రిజిస్టర్ ముందు పెట్టుకుని 479 లెక్క చేసి చూపించాలి. ఇంకో వారం ప్రభుత్వ డాక్టర్ రావాలి. రోజూ తాగే మనిషికి మందు ఆగిపోయిన మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ వస్తే, నాటకం అనుకోకుండా ఆసుపత్రికి పంపాలని చెప్పాలి. మరో వారం ఆత్మహత్య సంకేతాలు. మన జైళ్లలో అసహజ మరణాల్లో ఎక్కువ ఆత్మహత్యలే. టెలి మానస్ 14416 ఉచితం, ఆ నంబర్ గోడ మీద ఉండాలి. రాత్రి డ్యూటీ వాళ్ల కోసం పాఠం రికార్డ్ చేసి ఆఫీసు కంప్యూటర్‌లో ఉంచాలి.

లాయర్, డాక్టర్ ఇద్దరూ ప్రభుత్వం దగ్గర ఉన్నవాళ్లే. కొత్తగా కావాల్సింది ఒక టైంటేబుల్, దాన్ని వదలకుండా నడిపే ఒక హెడ్ వార్డర్.

మన జైళ్లలో నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివాళ్లే. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా అలా ఉంటే, 15100కి ఫోన్ చేసి 479 గురించి అడగండి. ఉచిత న్యాయ సహాయం నంబర్ అది. ఈ వీడియో అవసరమైనవాళ్లకి పంపండి. ఉంటా మరి.