“మీవాళ్ళకి రక్తం తక్కువే” అంటే ఊరుకోవద్దు



పోడు గురించి, 1/70 గురించి మాట్లాడితే మనం చప్పట్లు కొడతాం. హెచ్‌ఐవీ అనగానే తల దించుకుంటాం. ఇవాళ ఒక్క పది నిమిషాలు తల దించుకోకుండా వినండి.

మా వైపు ఒక అక్క ఉంది. పేరు, ఊరు చెప్పను. నమ్మి చెప్పినవాళ్ళ జబ్బు సంగతి వాళ్ళ ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెప్తోంది. ఇంతవరకు చెప్పుకోమని ఆమే అంది.

నేను డిగ్రీలో ఉన్నప్పటి మాట. అక్క రోజూ ఏఆర్‌టీ మందు వేసుకునేది. అయినా కట్టెల మోపు ఎత్తితే ఆయాసం, కొండ ఎక్కితే గుండెదడ. ఆసుపత్రికెళ్తే కనురెప్ప కిందికి లాగి చూసి, “మీ ఏజెన్సీవాళ్ళందరికీ రక్తం తక్కువే కదా” అని ఐరన్ మాత్రలు ఇచ్చి పంపేశారు. మూడుసార్లు ఇదే మాట. నాలుగోసారి ఆమె పోలేదు. ఏఆర్‌టీ మందు కూడా మానేసింది. “ఆ మందే నా రక్తం తాగేస్తోంది తమ్ముడూ” అంది.

ఆ మాట కొట్టిపారేసేది కాదు. మన రక్తకణాలు ఎముక లోపలి మూలుగలో తయారవుతాయి. హెచ్‌ఐవీ సీడీ4 కణాలను తగ్గిస్తుందని అందరికీ తెలుసు, కానీ ఆ వైరస్ మూలుగ పనిని కూడా పాడుచేస్తుంది. ఎర్రకణాలు తగ్గితే నీరసం, ఆయాసం. తెల్లకణాలు తగ్గితే చీటికీమాటికీ జ్వరాలు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే చిగుళ్ళలోంచి రక్తం. ఒంట్లో టీబీ దాక్కుని ఉన్నా రక్తం తగ్గుతుంది.

ఇక మందు సంగతి. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004లో మొదలైంది. అప్పట్నుంచి చాలా ఏళ్ళు ఎంతోమందికి ఇచ్చిన మందుల్లో జిడోవుడిన్ ఒకటి. అది కొందరిలో మూలుగను అణిచేస్తుంది, హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఇది డాక్టర్లకు తెలిసిన విషయమే. అందుకే ఆ మందు ఇచ్చేముందు, ఇచ్చాక కూడా రక్తపరీక్ష చేయాలి. పడిపోతే మందు మార్చాలి. మార్చడం వేరు, మానేయడం వేరు. మానేస్తే వైరస్ మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ మూలుగ మీదే పడుతుంది. ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిపిన ఒకటే మాత్ర. దాంతో రక్తానికి ఈ ఇబ్బంది చాలా తక్కువ.

అయితే ఈ కొత్త మాత్ర వేసుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. మన దగ్గర ఐరన్ మాత్రలు లేని ఇల్లుండదు. ఖాళీ కడుపుతో రెండూ కలిపి వేసుకుంటే డోలుటెగ్రవిర్ ఒంటికి సరిగా పట్టదు. రెండూ అన్నంతో పాటు వేసుకోవాలి, లేదంటే ఏఆర్‌టీ మాత్ర ముందు వేసుకుని కనీసం రెండు గంటలాగి ఐరన్ వేసుకోవాలి. ఈ ముక్క అక్కకు ఎవరూ చెప్పలేదు. నాకు మాత్రం ఎవరు చెప్పారు, అడిగితే తెలిసింది.

మనకున్న కష్టాలు దీనికి తోడు. మలేరియా, చెప్పుల్లేని కాళ్ళలోంచి దూరే కొంకిపురుగులు, సికిల్ సెల్. సికిల్ సెల్ వల్ల తగ్గిన రక్తం ఐరన్ మాత్రలతో పెరగదు. సికిల్ సెల్ పరీక్ష చేయించుకుని కార్డు తీసుకున్నవాళ్ళు మనలో ఉన్నారు. ఆ కార్డు పెట్టెలో దాచొద్దు, ఏఆర్‌టీ సెంటర్‌కి పట్టుకెళ్ళి చూపించండి. ఇన్ని కారణాలుంటే కనురెప్ప చూసి ఏది అసలు కారణమో ఎలా చెప్తారు? “సీబీసీ రాయండి సార్” అని అడగండి. అది మామూలు రక్తపరీక్షే, మూడు రకాల కణాలూ అందులోనే తెలుస్తాయి.

అక్కను మళ్ళీ తీసుకెళ్ళాం. మానేసినందుకు తిడతారని దారంతా భయపడింది. తిట్టలేదు. పరీక్ష చేశారు, మందు మార్చారు. కొన్ని నెలలకు మళ్ళీ సంతకు నడిచెళ్ళింది.

తోడెవరూ లేక ఆగిపోయినవాళ్ళు మీ గూడెంలో కూడా ఉండొచ్చు. 1097కి ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేదు, సలహా చెప్తారు. బస్సెక్కి పక్కన కూర్చునేవాళ్ళు కావాలంటే, మీటింగయ్యాక నాతో విడిగా మాట్లాడండి. పేరు అడగను.