నీటి పరీక్షకు క్రొత్త పరికరములు: పంచాయతీ చేయవలసిన పని
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము మీతో ముచ్చటింపదలచిన విషయము ప్రయోగశాలలను గూర్చినది. ప్రయోగశాల యనగానే అది పట్టణములందలి కళాశాలలకు సంబంధించినదనియు, పంచాయతీకి దానితో పని లేదనియు తోచవచ్చును. వీధి దీపములు, మురుగు కాలువలు, ఇంటి పన్నులు పంచాయతీ వ్యవహారములు గాని, గాజు సీసాలును రంగు ద్రావకములును మాకెందుకని మీలో కొందరు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. కాని త్రాగునీటిని పరీక్షించు పని నేడు జిల్లా ప్రయోగశాల గడప దాటి గ్రామములోనికి వచ్చినది. 2019 ఆగస్టు 15వ తేదీన ప్రకటింపబడిన జలజీవన పథకము క్రింద ప్రతి గ్రామమునందును ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్షలో శిక్షణ నిచ్చి, వారి చేతికి పరీక్షా పెట్టె నీయవలెనని ఏర్పాటు జరిగినది. ఆ పెట్టె మీ గ్రామమునకు వచ్చియున్నచో, మీ కార్యాలయము ప్రక్కనే ఒక చిన్న ప్రయోగశాల వెలసినదన్నమాట. దానిని నడిపింపవలసిన బాధ్యత మీపైనను ఉన్నది.

పరీక్ష ఎందులకు? బురద నీటిని కన్ను పట్టును, ఉప్పు నీటిని నాలుక పట్టును. కాని ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు, మనము త్రాగు నీటిలో నుండు మోతాదున రుచియు తెలియదు. దాని సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. 1937లోనే వైద్య పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఫ్లోరోసిస్ వ్యాధిని గుర్తించి ప్రకటించిరి. నల్లగొండ జిల్లాలో పండ్లపై గోధుమరంగు మరకలు గల పిల్లలను, నడుము వంగి కీళ్లు బిగిసిన పెద్దలను దేశమంతయు చూచినది. ఒకసారి ఎముక వంగిన తరువాత దానిని సరిచేయు మందు లేదు. ముందుగా నీటిని పరీక్షించి ఆ నీటిని మానుటయే మార్గము.

భారతీయ ప్రమాణముల సంస్థవారి నిర్ణయము ప్రకారము త్రాగునీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చును. వేరు ఆధారము లేనిచోట ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు ఓర్చుకొనవచ్చును. ఒకటిన్నర మిల్లీగ్రాములనగా ఎంత? వేయి లీటర్ల తొట్టిలో ఒకటిన్నర గ్రాము, అనగా చిటికెడు మాత్రమే. ఆ చిటికెడునకును మూడు చిటికెలకును గల భేదము పిల్లవాని పండ్లయందు, ఎముకలయందు కనబడును. అట్లే నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదు. పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంటలు, మితిమీరి చల్లిన ఎరువులు, వీనినుండి నైట్రేటు బావులలోనికి దిగును. అట్టి నీటితో పాలపొడి కలిపి పట్టినచో నెలల బిడ్డల రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవును.

ఇక పరికరముల మాట. జిల్లా ప్రయోగశాలలలో స్పెక్ట్రోఫోటోమీటరు అను యంత్రముండును. నీటిలో ఒక ద్రావకము కలిపి రంగు పుట్టించి, ఆ రంగునీటి గుండ కాంతిని పంపుదురు. రంగు ఎంత చిక్కనైన అంత కాంతి ఆగిపోవును. ఆగిన కాంతిని కొలిచి యంత్రము లెక్క చెప్పును. ఫ్లోరైడు పరీక్షలో వాడు ఒక ఎర్రని ద్రావకము దీనికి వ్యతిరేకముగా నడచును: ఫ్లోరైడు హెచ్చిన కొలది రంగు వెలిసిపోవును. ఫ్లోరైడును మాత్రమే గుర్తుపట్టు ఎలక్ట్రోడు అను పరికరమును కొన్ని ప్రయోగశాలలలో వాడుచున్నారు. గ్రామములోని పెట్టె ఈ సూత్రమునే చిన్నదిగా చేసినది. అందు యంత్రమునకు బదులు రంగుల పట్టిక యుండును. సీసాలోని రంగును పట్టికలోని రంగుతో పోల్చి ఫలితము వ్రాసికొందురు. ఆమ్లక్షార గుణము, కఠినత్వము, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, మిగులు క్లోరిను మున్నగునవి దీనితో తెలిసికొనవచ్చును.

మలకాలుష్యమును కనుగొనుటకు మరియొక చిన్న సీసా కలదు. 1982లో మాంజా, మౌర్య, రావు అను భారత శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని ప్రకటించిరి. సీసాలో గీత వరకు నీరు పోసి మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు దినములుంచవలెను. నీరు నల్లబడినచో మలసంబంధమైన సూక్ష్మజీవులు కలిసియుండుననుటకు అది హెచ్చరిక. పరీక్ష ముగిసిన సీసాను పిల్లల చేతికి చిక్కనీయక, బ్లీచింగు పొడి నీటితో శుద్ధి చేసి పారవేయవలెను.

సభ్యులారా, ఇంతవరకు చెప్పినది పరికరముల గొప్పతనము. ఇక చెప్పబోవునది అసలు సంగతి. పెట్టె వచ్చుట వేరు, పరీక్ష జరుగుట వేరు. మేము గ్రామములు తిరుగునపుడు బీరువాలో భద్రముగా తాళము వేసిన పెట్టెలను చూచుచున్నాము. తెరచి చూడగా ద్రావకములు ఎండిపోయియుండును, లేదా వాని గడువు ఎన్నడో తీరియుండును. గడువు తీరిన ద్రావకముతో చేసిన పరీక్ష చేయని పరీక్షకంటె హెచ్చు ప్రమాదకరము. చేయనిచోట అనుమానమైనను మిగులును. తప్పు పరీక్ష చెడు నీటికి మంచిదని ముద్ర వేయును. తూనికలు కొలతల అధికారులు ముద్ర వేయని రాయితో ధాన్యము తూచుటకు మీరొప్పుకొందురా? ప్రయోగశాలలోను అట్టి ముద్ర అవసరమే. ఆమ్లక్షార గుణమును కొలుచు మీటరును విలువ ముందే తెలిసిన ద్రావకములలో ముంచి సరిచూచి, తరువాతనే వాడవలెను. ఈ కట్టుబాట్లు పాటించు ప్రయోగశాలలకు ఎన్.ఏ.బి.ఎల్. అను జాతీయ సంస్థ గుర్తింపు నిచ్చుచున్నది. మీరు నమూనా పంపు ప్రయోగశాలకు ఆ గుర్తింపు కలదా యని అడుగుటకు సంకోచింపకుడు.

కావున సరఫరా విషయమున పంచాయతీ శ్రద్ధ వహింపవలెను. ప్రభుత్వ కార్యాలయములు సరకులు కొనుటకు 2016 ఆగస్టులో జెమ్ అను ప్రభుత్వ విపణి ఏర్పడినది. పూర్వము కేంద్రము తరఫున ధరల ఒడంబడికలు చేసిన సరఫరాల శాఖ 2017 అక్టోబరులో మూతబడినది. పరీక్షా పెట్టెలు గాని, అయిపోయిన ద్రావకములకు మారు సీసాలు గాని పంచాయతీయే కొనునపుడు ఈ క్రింది సంగతులను గమనింపుడు.

మొదటిది, తయారైన తేదీ, గడువు తేదీ చూడవలెను. గడువు చాలకాలము మిగిలిన సరకునే తీసికొనవలెను. రెండవది, పెట్టె ధరతో పాటు మారు ద్రావకముల ధరయు అడుగవలెను. పెట్టె చౌకగా నిచ్చి ద్రావకములు దొరకనీయని బేరము మనకు నష్టము. మూడవది, వాడుక సూచనలు తెలుగున నుండవలెను. నాల్గవది, చౌకయని మూడేండ్లకు సరిపడునది ఒక్కసారి కొనరాదు. ఎండకును వేడికిని ద్రావకములు చెడును గనుక రేకుల కప్పు క్రింద నుంచరాదు. బ్లీచింగు పొడి విషయమును ఇంతియే. క్రొత్త పొడిలో సుమారు మూడవ వంతు క్లోరిను ఉండును. మూత తీసి తడి గాలికి వదలిన బస్తాలో అది నానాటికి తగ్గిపోవును. ట్యాంకులో పొడి కలిపితిమని ఊరకుండక, చివరి ఇంటి కుళాయి వద్ద లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలినదో లేదో క్లోరోస్కోపుతో చూడవలెను.

నిధులెక్కడివని అడుగుదురు. పదిహేనవ ఆర్థిక సంఘము 2021–22 నుండి 2025–26 వరకు గ్రామీణ స్థానిక సంస్థల కిచ్చిన నిధులలో అరువది శాతమును త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును ప్రత్యేకించినది. నిధుల పేర్లు మారవచ్చును గాని, మోటారు మరమ్మతునకు పద్దు వ్రాయునపుడు దాని ప్రక్కనే పరీక్షా ద్రావకములకును ఒక పద్దు వ్రాయు అలవాటు మనయందు నిలువవలెను.

గ్రామములోని పెట్టె తొలి పరీక్షకు మాత్రమే యనియు గుర్తుంచుకొనుడు. అనుమానము కలిగినచో నమూనాను జిల్లా ప్రయోగశాలకు పంపవలెను. రసాయన పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడు మారులు కడిగి నింపవలెను. సూక్ష్మజీవుల పరీక్షకు ప్రయోగశాలవారిచ్చిన సీసాను మాత్రము కడుగరాదు. అందు క్లోరినును విరుచు మందు ముందే వేసియుండును. ఆ సీసాను మంచు పెట్టెలో నుంచి, వీలైనంత త్వరగా, ఎట్లయినను ఒక దినము దాటకుండ చేర్పవలెను. 2021 మార్చిలో కేంద్రము ప్రకటించిన నియమావళి ప్రకారము ఈ ప్రయోగశాలలు సామాన్య ప్రజలకును తెరువబడినవి. కొద్దిపాటి రుసుము చెల్లించి ఎవరైనను తమ బావి నీటిని పరీక్ష చేయించుకొనవచ్చును.

ఫలితము చెడుగా వచ్చినచో ఏమి చేయవలెను? కొన్నిచోట్ల ఆ కాగితము బల్ల సొరుగులోనికి పోవును. పంచాయతీకి చెడ్డపేరు వచ్చునని భయము. ఫ్లోరైడు భూమిలోని రాళ్లనుండి నీటిలోనికి వచ్చును. అది ఏ సర్పంచి చేసిన నేరమును కాదు. తెలిసియు చెప్పకుండుట మాత్రము మన నేరమగును. ఆ బోరుకు ఎర్రరంగు వేసి, ఈ నీరు త్రాగుటకు పనికిరాదని వ్రాయింపుడు. బట్టలుతుకుటకు, ఇల్లు కడుగుటకు వాడుకొనవచ్చును. నదీజలము కుళాయిలకు వచ్చు గ్రామములందును, సరఫరా ఆగిన దినమున జనులు పరుగెత్తునది పాత బోరు వద్దకే గదా! వేరు ఆధారము లేనిచోట ఫ్లోరైడును తగ్గించు పద్ధతులు కలవు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థవారు 1970వ దశకమున రూపొందించిన పటిక, సున్నముల పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి. దానికిని పటిక ఎంత వేయవలెనో తెలియుటకు నీటి పరీక్ష చేయక తప్పదు.

శిక్షణ పొందిన స్త్రీలను గూర్చి ఒక మాట. వారు ఇంటి పనులు చూచుకొని, బోరు బోరునకు తిరిగి పరీక్షలు చేయుచున్నారు. వారు తెచ్చిన ఫలితమును సమావేశములో చదువకున్నచో, మరుసటి ఏట వారు పెట్టె ముట్టుదురా? వారిని గ్రామసభకు పిలిచి వారి నోటనే ఫలితములు చెప్పింపుడు.

సభ్యులారా, మీరు ఇండ్లకు మరలిన పిమ్మట మొదట ఆ పెట్టె ఎక్కడున్నదో విచారింపుడు. సీసాలపై గడువు తేదీలు చదువుడు. వచ్చు సమావేశమున మూడు తీర్మానములు చేయుడు: రసాయన పరీక్ష ఏడాదికి ఒకమారైనను, సూక్ష్మజీవుల పరీక్ష వానలకు ముందొకమారు, వానల తరువాత నొకమారు జరుగవలెను, ప్రతి ఫలితమును పుస్తకములో వ్రాసి కార్యాలయపు పలకపై ప్రకటింపవలెను, ద్రావకముల గడువు తీరుటకు రెండు నెలల ముందే క్రొత్తవి తెప్పింపవలెను. ఈ మూడు తీర్మానములకు కావలసిన ఖర్చు ఒక మోటారు మరమ్మతు ఖర్చును మించదని మా నమ్మకము. దానిని పెట్టుటకు వెనుదీయరని ఆశించుచున్నాము.