రోమ్ తిన్న నూనె, దాన్ని మోసిన నది

ఇది మా మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసం. ఎవరైనా పాత నాణెం చూపిస్తే రాజెవరని కాక, ఏ రేవులో దిగిందని అడిగేవారాయన. నేనూ ఆ దారినే పోతాను.

రోమ్ సరుకుల కథలో ఓస్టియా ఉప్పుమళ్ళు, కార్తేజ్ యుద్ధాలు, సిసిలీ గోధుమలు మీకు తెలిసినవే. రిపబ్లిక్ తొలి శతాబ్దాల మీద నాకెప్పుడూ పెద్ద ఆసక్తి లేదు. దాటేద్దాం.

రోమ్‌లో టైబర్ ఒడ్డున, పాత గిడ్డంగుల వెనక మోంటే టెస్టాచ్చో అనే గుట్ట ఉంది. ఎత్తు సుమారు 35 మీటర్లు. అంతా పగిలిన జాడీల పెంకులే. అయిదు కోట్లకు పైగా జాడీలని ఒక అంచనా. వాటిలో ఎక్కువ భాగం దక్షిణ స్పెయిన్‌లోని బైటికా నుంచి ఆలివ్ నూనె తెచ్చినవి. ఉత్త జాడీయే 30 కిలోలు, లోపల మరో 70 కిలోల నూనె. నూనె పీల్చిన జాడీ కంపు కొడుతుంది. అందుకే పగలగొట్టి, వరసలుగా పేర్చి, సున్నం చల్లారు.

ఇంత బరువు కదిలిందంటే అక్కడి గ్వాడల్‌క్వివిర్ నది చలవే. సముద్రపు ఓడలు సెవిల్ దాకా, పడవలు కోర్డోబా దాకా వచ్చేవి. జాడీలు కాల్చే బట్టీలు కూడా ఆ రెండూళ్ళ మధ్య, నది వెంటే బారులు తీరాయి.

ఇక్కడ చరిత్రకారుడు ఫిన్లీతో నా పాత తగాదా. 1973లో ఆయన రాసిన పుస్తకం చదివిన తరమంతా, బండి ఖర్చు వల్ల బరువు సరుకు దూరం పోలేదని మంత్రంలా వల్లించింది. క్రీ.శ. 301 నాటి డయోక్లీషియన్ చక్రవర్తి ధరల శాసనంలో 1200 పౌండ్ల బండికి మైలుకు 20 డెనారియస్‌లు. ఆ రేటున గోధుమల ధర 300 మైళ్ళలో రెట్టింపవుతుందని మరో చరిత్రకారుడు జోన్స్ ఫిన్లీకి ముందే లెక్కగట్టాడు. లెక్క సరే. కానీ అది ప్రభుత్వం విధించిన గరిష్ఠ ధర, బండివాడి చిట్టా కాదు. నీటిదారి ఉంటే కథ వేరని ఫిన్లీ ఒప్పుకున్నాడు, ఒప్పుకుని పక్కన పెట్టాడు. నా దృష్టిలో ఆ పక్కన పెట్టిందే అసలు కథ.

అలాగని అంతా మార్కెట్టే అనే మిత్రులతోనూ నాకు పొసగదు. నా పరిశోధన ఆ జాడీల మీది సిరా రాతల గురించే. ఏటేటా మారే కాన్సుల్‌ల పేర్లుంటాయి కనుక ఏడాది కూడా తెలుస్తుంది. రెండో శతాబ్దపు జాడీల మీద ఒక చోట వర్తకుల పేర్లుంటాయి. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలానికి వచ్చేసరికి అదే చోట చక్రవర్తుల పేర్లు! నది మారలేదు, గాలి మారలేదు, ఓడ దారి మారలేదు. సరుకు ఎటు పోగలదో భూగోళం చెప్పింది. ఎవరి పేరున పోవాలో అధికారం చెప్పింది. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు ఆ పెంకులు చదవలేదనే అంటాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మిగతాది గబగబా చెప్తాను. మూడో శతాబ్దం మధ్య తర్వాత ఆ గుట్ట పెరగడం ఆగింది. ఆఫ్రికా నూనెది పైచేయి అయింది. 330లో కాన్‌స్టాంటినోపుల్ వెలిశాక ఈజిప్టు ధాన్యం అటు మళ్ళింది. 439లో వాండల్స్ తెగవారు ఆఫ్రికా సరుకు కదిలే రేవు కార్తేజ్‌ను పట్టుకున్నారు, రోమ్ జనం పలచబడింది. మన కృష్ణాతీరంలో దొరికిన రోమన్ నాణేల సంగతికి ఇవాళ వేళ లేదు.

సభలో చరిత్ర చదివే పిల్లలున్నారు. డ్రెస్సెల్ అనే పండితుడు 1870ల్లో చదవడం మొదలుపెట్టిన ఆ జాడీల రాతలు ఇప్పుడు సంపుటాలుగా అచ్చయి ఉన్నాయి. నాణేల దగ్గరే ఆగకండి, కాస్త లాటిన్ నేర్చుకోండి.