పెరట్లోంచి కనిపించిన వెండిచార



కార్తీకం చివర పోలి పాడ్యమికి పుట్టింటికి వెళ్లడం నాకు అలవాటు. అక్కడ పెరట్లో మా తమ్ముడి టెలిస్కోపు ఉంది, ఆరంగుళాల అద్దంది. అమావాస్య రాత్రి తమ్ముడూ మావారూ దాని చుట్టూ చేరేవారు. నేను కాఫీ అందించి, ఒక్క క్షణం కన్నుపెట్టి, "అంతా నలుపేరా" అని పొయ్యి దగ్గరికి వచ్చేసేదాన్ని. ఇలా మూడేళ్లు. నాలుగో ఏడు తమ్ముడన్నాడు: "అక్కా, వంటింటి లైటు కింద నుంచి వచ్చిన కంటికి ఏం కనపడుతుంది? అరగంట చీకట్లో కూర్చో."

అరగంట! పొయ్యి మీద పప్పుంది మరి. "నే చూస్తాలే, వెళ్లు" అంది అమ్మ.

రాత్రి ఎనిమిదింటికి దక్షిణాన, నడినెత్తికి కాస్త దిగువగా, ఒంటరిగా మెరిసే చుక్క ఉంటుంది. డెనెబ్ కైటోస్ అంటారు. చాచిన చేత్తో దాని నుంచి బెత్తెడు కిందికి కొలిస్తే మనం వెతికే చోటు. నేరుగా చూస్తే ఏమీ లేదు. ఓరగా, కొత్త పెళ్లికూతురు చూసినట్టు చూశానో లేదో, సన్నగా, పొడుగ్గా ఓ వెండిచార తేలింది! మసక వెలుతురు కంటి నడిమి భాగానికన్నా పక్క భాగానికే బాగా అందుతుందిట.

అదొక నక్షత్రమండలం. పేరు ఎన్‌జిసి 253. మన పాలపుంతలాగే సుడులు తిరిగిన పళ్లెం. కంచాన్ని కంటి ఎత్తున అడ్డంగా పట్టుకుంటే అంచే కనపడుతుంది కదా, ఇదీ దాదాపు అలాగే మనవైపు అంచు తిప్పింది. నా కంట పడిన ఆ వెలుగు బయల్దేరి సుమారు కోటీ పదిలక్షల ఏళ్లయింది.

దీన్ని మొదట కనిపెట్టింది ఓ ఆడమనిషే. కెరొలిన్ హెర్షెల్. వాళ్లమ్మ ఆవిణ్ణి ఇంటిపనికే ఉంచాలనుకుంది. ఇంగ్లండులో అన్న విలియం అద్దాలు సానపడుతూ చెయ్యి తీయలేకపోతే, ఈవిడే నోట్లో ముద్దలు పెట్టేదిట. ఆ అన్నే ఇచ్చిన చిన్న టెలిస్కోపుతో 1783 సెప్టెంబరులో ఈ చారను పట్టింది. అక్కడ ఇది రెండు బెత్తెళ్ల ఎత్తుకు మించి లేవదు. మనకి సగం ఆకాశం ఎక్కుతుంది. నాలుగేళ్లకు రాజుగారు ఏటా 50 పౌన్ల జీతం ఇచ్చారు. అత్తగారు ఇంట్లో వదిలేసి వెళ్తే, కవ్వానికంటిన వెన్నతో దీపం పెట్టుకున్న మన పోలి గుర్తొచ్చింది నాకు.

కిందటేడు అమ్మని కూర్చోబెట్టాం, శుక్లాలు తీయించుకున్న కళ్లతో. పొయ్యి దగ్గర మావారు. పప్పు మాడింది గానీ, అమ్మకి చార కనపడింది.