ఆట నేర్పిన నేల
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవమున ఉత్తీర్ణుల సంఖ్యలు చదువుట ఆచారము. అవి నివేదికలో అచ్చయియున్నవి. నేడు నేను ఆస్ట్రేలియా దేశపు ఆటగాడొకనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. కారణము కడపట తమకే తెలియగలదు.

అతని పేరు ఆర్థర్ బీట్సన్. ఆడినది రగ్బీ లీగ్. ఆటకై పని మానిన కార్మికులకు పోయిన కూలిని చెల్లింపవలెనా వలదా యను వివాదము వలన 1895లో ఇంగ్లండు ఉత్తర భాగమున వెలసిన క్రీడ యిది. జట్టునకు పదుమువ్వురు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి పరుగిడవలెను. చేతితో ముందునకు విసరరాదు. పదుమువ్వురిలో ఆర్గురు ‘ఫార్వర్డులు’. ఎదుటివారి బారులోనికి దేహబలముతో చొచ్చుకొనిపోవుట వారి పని. దెబ్బలు వారివి, చప్పట్లు తరచుగ వెనుకనున్నవారివి.

బీట్సన్ ఆదివాసి సంతతివాడు. 1945లో క్వీన్స్‌లాండ్ రాష్ట్రమందలి రోమా అను చిన్న పట్టణమున జన్మించెను. 1966లో సిడ్నీ నగరపు బాల్మెయిన్ క్లబ్బున చేరెను. ఆ దేశపు జనసంఖ్యలో ఆదివాసులను లెక్కింపరాదను రాజ్యాంగ నిబంధన అప్పటికింకను ఉండెను. 1967 ప్రజాభిప్రాయ సేకరణతో గాని అది తొలగలేదు.

మొదట అతనికి వచ్చిన పేరు మంచిది కాదు. భారీ దేహము, భోజనప్రియత్వము. సగము ఆటకే అలసిపోవునని పరిహసించిరి. 1969లో ఆట మధ్య మైదానము నుండి పంపివేయబడి, నిషేధమునకు గురియై, తన జట్టు గెలిచిన అంతిమ పోటీలోనే లేకపోయెను. 1971లో ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్బునకు మారెను. అచ్చట జాక్ గిబ్సన్ అను శిక్షకుని చేతిలో రాటుదేలి, నాయకుడై, 1974, 1975 రెండేండ్లును విజయము సాధించెను. 1975 అంతిమ పోటీ ఫలితము 38–0. అంతకు మునుపే, 1973లో, ఆస్ట్రేలియా జట్టునకు నాయకత్వము వహించెను. ఏ క్రీడయందయినను ఆ గౌరవమందిన తొలి ఆదివాసి అతడే. ఇరువురు మువ్వురు మీదపడి పట్టినను, నేలకొరగక మునుపే చేయి విడిపించుకొని బంతిని తోటివానికి అందించుట అతని ప్రత్యేక విద్య.

ఇక అసలు విషయము. ఆ దినములలో ఆటగాడు ఏ రాష్ట్రపు క్లబ్బున ఆడుచుండునో ఆ రాష్ట్రము పక్షముననే ఆడవలెను. సిడ్నీ క్లబ్బులకు ధనమెక్కువ. క్వీన్స్‌లాండ్ బిడ్డలు అచ్చటికి పోయి, న్యూ సౌత్ వేల్స్ పక్షమున నిలిచి, సొంత యింటివారితోనే తలపడవలసి వచ్చెడిది. బీట్సనును అట్లే ఆడెను. క్వీన్స్‌లాండ్ వరుసగ ఓడుచుండెను. తుదకు 1980 జూలై 8న బ్రిస్బేన్ నగరమున, ఎవడు ఏ రాష్ట్రమున ఆటలో పైకివచ్చెనో ఆ రాష్ట్రమునకే ఆడవలెనను నియమముతో ఒక పోటీ జరిపి చూచిరి.

అప్పటికి బీట్సనుకు 35 ఏండ్లు. సిడ్నీలో పర్రమట్టా క్లబ్బు రెండవ శ్రేణి జట్టున ఆడుచుండెను. అట్టివానిని క్వీన్స్‌లాండ్ నాయకునిగ పిలిచెను. అతడు వచ్చెను. తన క్లబ్బు సహచరుడు ఎదుటి పక్షమున నున్నను వెనుదీయలేదు. క్వీన్స్‌లాండ్ 20–10తో గెలిచెను. ఆ ప్రయోగమే నేటి ‘స్టేట్ ఆఫ్ ఆరిజిన్’ పోటీలకు నాంది. పిమ్మట శిక్షకుడై 1982 మొదలు మూడేండ్లు ఆ రాష్ట్రమును వరుసగ గెలిపించెను. 2011లో కన్నుమూసెను. ఆ మైదానము వెలుపల అతని విగ్రహము కలదు.

ప్రవేశముల వేళ తమలో కొందరు నన్నడుగుచుందురు: “అయ్యా, ఈ రాష్ట్రమున బ్రతుకవలసిన బిడ్డకు తెలుగు చదువు అడ్డు కాదా?” మొదటి తరగతిలో ఖాళీ బల్లలను చూచినపుడెల్ల ఆ ప్రశ్నయే నాకు వినబడును.

పోలికను మరీ దూరము లాగను. మన బిడ్డలు పుట్టినది ఈ నేలనే. ఈ రాష్ట్రపు భాషను వారు చక్కగ నేర్వవలెను. కాని సిడ్నీకి బీట్సన్ చేసిన సేవలో క్వీన్స్‌లాండ్ వలన కొరత యేమియు కలుగలేదు. క్వీన్స్‌లాండ్ పిలిచిన నాడు, సిడ్నీలో గడచిన పదునాలుగేండ్లు అతనిని పరాయివానిని చేయలేదు. రెండింటికిని అతడు చాలెను. మన బిడ్డలును చాలుదురు.

మన తాతలు ఈ భాషను మన చేతికిచ్చిరి. మనము నేలకొరగక మునుపే దానిని ప్రక్కవాని చేతికి అందింపవలెను. రాబోవు జూన్ మాసమున తమ బిడ్డలతో పాటు పొరుగింటి బిడ్డలను గూడ మన బడికి తోడ్కొని రాగలరని ప్రార్థించుచు, సెలవు గైకొనుచున్నాను.