కెనడా ట్రక్కు డ్రైవర్ ఉద్యోగం: నెలకు ఐదు లక్షల మాట వెనక అసలు లెక్క

ఈసారి ఎపిసోడ్ నాలుగు రోజులు లేటుగా వచ్చింది. ఎందుకు లేటైందో చెప్పడమే ఈరోజు ఎపిసోడ్.

పోయిన వారం ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. "బ్రదర్, మీ వీడియోలు చూసేది అంతా కుర్రాళ్లే కదా. కెనడా, పోలాండ్ ట్రక్ డ్రైవర్ జాబ్స్ మీద ఎనిమిది నిమిషాల వీడియో చేయండి. స్క్రిప్ట్ మేమే పంపిస్తాం. లక్షా ఇరవై వేలు ఇస్తాం" అన్నారు. నిజం చెప్పాలంటే నేను వెంటనే నో చెప్పలేదు. ఉద్యోగం మానేసి ఈ పని మొదలుపెట్టాక నాకు ఒకేసారి అంత డబ్బు ఎప్పుడూ రాలేదు. ఫిల్మ్‌నగర్‌లో రూమ్ రెంట్ ఎంతో మీకు తెలుసు. స్క్రిప్ట్ పంపించండి, చూస్తాను అన్నాను.

స్క్రిప్ట్ వచ్చింది. మొదటి లైన్: నెలకు ఐదు లక్షలు. రెండో లైన్: హెవీ లైసెన్స్ లేకపోయినా పర్లేదు. మూడో లైన్: ఇంగ్లీష్ అక్కర్లేదు. చివరి లైన్: ప్యాకేజీ తొమ్మిది లక్షలు, సగం ముందు కట్టాలి.

అదే రోజు సాయంత్రం కింద టీ కొట్టు దగ్గర ఒక అన్న కలిశాడు. సినిమా యూనిట్‌కి జనరేటర్ బండి నడుపుతాడు. మా గల్లీలో క్యారవాన్లు, జనరేటర్ బండ్లు వరసగా ఆగి ఉంటాయి కదా, అక్కడే పరిచయం. ఉండేది కృష్ణానగర్‌లో. షూటింగ్ ఉంటే బేటా, లేకపోతే లేదు. నన్ను చూడగానే అడిగాడు, "తమ్మీ, గా కెనడా ట్రక్కు ముచ్చట నిజమేనా? నేను ఇప్పటికే యాభై వేలు కట్టిన." జేబులోంచి ఒక తెల్ల కాగితం తీసి చూపించాడు. దాని మీద "ఫైల్ ఛార్జెస్" అని రాసి ఉంది. కింద ఒక సంతకం. స్టాంప్ లేదు, జీఎస్టీ నంబర్ లేదు. అది నాకు ఫోన్ చేసిన ఆఫీసు కాదు, వేరేది. కానీ అన్నకు చెప్పిన మాటలు మాత్రం నా స్క్రిప్ట్‌లో ఉన్న మాటలే.

అప్పుడు అర్థమైంది అండీ. నేను ఆ వీడియో చేస్తే చూసేది ఎవరో కాదు, ఈ అన్నే. సో నాలుగు రోజులు కూర్చుని మొత్తం చదివాను. ఒక్కో దేశం చెప్తాను.

ముందు కెనడా. ఉద్యోగం నిజమే. పంజాబ్ నుంచి వెళ్లిన వాళ్లు అక్కడ ట్రక్కింగ్‌లో చాలామంది ఉన్నారు, సొంత కంపెనీలు పెట్టిన వాళ్లూ ఉన్నారు. కానీ "లైసెన్స్ లేకపోయినా పర్లేదు" అన్నది పచ్చి అబద్ధం. మన హెవీ లైసెన్స్ చూపిస్తే అక్కడి హెవీ లైసెన్స్ చేతిలో పెట్టరు. అక్కడి పరీక్షలు అక్కడే పాసవ్వాలి. ఒంటారియోలో 2017 జూలై నుంచి పరీక్షకు ముందు కనీసం 103.5 గంటల ట్రైనింగ్ తప్పనిసరి. సస్కచెవాన్‌లో 2019 మార్చి నుంచి 121.5 గంటలు.

ఆ సస్కచెవాన్ రూల్ రావడానికి ముందు ఏడాది ఒక యాక్సిడెంట్ జరిగింది. 2018 ఏప్రిల్ 6. హంబోల్ట్ బ్రాంకోస్ అని జూనియర్ హాకీ టీమ్ బస్సు మ్యాచ్‌కి వెళ్తోంది. ఊరు బయట క్రాస్ రోడ్స్ దగ్గర ఒక ట్రక్కు స్టాప్ సైన్ దాటి వచ్చేసింది. 16 మంది చనిపోయారు, 13 మందికి గాయాలు. ఆ ట్రక్కు నడిపింది మన దేశం నుంచి వెళ్లిన కుర్రాడు. కామర్స్ డిగ్రీ చదివాడు. ఉద్యోగంలో చేరి మూడు వారాలు. అందులో రెండు వారాలు ఓనర్‌తో పాటు తిరిగాడు, తర్వాత ఒంటరిగా పంపించేశారు. వెనక ట్రైలర్ మీద టార్పాలిన్ ఎగురుతుంటే అద్దంలో దాన్నే చూస్తూ సైన్ మిస్సయ్యాడు. తప్పు ఒప్పుకున్నాడు. 8 ఏళ్ల జైలు శిక్ష పడింది. 2024లో దేశం నుంచి పంపించేయాలని ఆర్డర్ కూడా వచ్చింది.

నేను ఆ కుర్రాణ్ణి వెనకేసుకు రావడం లేదు. పదహారు ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి. కానీ "డ్రైవింగ్ రాకపోయినా పర్లేదు" అన్న మాట ఎక్కడ తేలుతుందో ఆ క్రాస్ రోడ్స్ దగ్గర చూడొచ్చు.

ఇంక వీసా. బయటి దేశం మనిషిని తీసుకోవాలంటే కెనడా కంపెనీ చాలా సందర్భాల్లో ఎల్ఎంఐఏ అని ఒక పర్మిషన్ తెచ్చుకోవాలి. అంటే, ఈ పనికి ఇక్కడి వాళ్లు దొరకలేదు అని ప్రభుత్వం ముందు నిరూపించుకోవడం. దాని ఫీజు 1000 కెనడా డాలర్లు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి: ఆ ఫీజు కంపెనీయే కట్టాలి. మన దగ్గర వసూలు చేయడానికి రూల్ ఒప్పుకోదు. అయినా అదే కాగితాన్ని లక్షలకు అమ్మే దందా నడిచింది. అది ఎంత ముదిరిందంటే, పీఆర్ కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లనే 2025 మార్చి 25 నుంచి తీసేశారు. ఎవరైనా "ఎల్ఎంఐఏ కొనిస్తాం, పాయింట్లు వస్తాయి" అంటే పాత క్యాసెట్ వినిపిస్తున్నారని అర్థం. "ముందు విజిట్ వీసా మీద వెళ్లు, తర్వాత చూసుకుందాం" అన్నా కూడా ఒక దండం పెట్టి బయటికి వచ్చేయండి. విజిట్ వీసా మీద ట్రక్కు నడపడం కుదరదు.

అమెరికా సంగతి ఒక్క ముక్కలో. 2025 ఆగస్టు 21న కమర్షియల్ ట్రక్కు డ్రైవర్లకు వర్క్ వీసాలు ఆపేస్తున్నామని అక్కడి విదేశాంగ మంత్రి మార్కో రూబియో ప్రకటించారు. కాబట్టి ఇప్పుడు అమెరికా ట్రక్కు జాబ్ అని ఎవరైనా డబ్బులు అడిగితే ముందు ఈ తేదీ చెప్పి చూడండి.

యూరప్. పోలాండ్, లిథువేనియా లాంటి దేశాల కంపెనీలు బయటి డ్రైవర్లను తీసుకుంటున్న మాట నిజం. కానీ హెవీ లైసెన్స్‌తో పాటు కోడ్ 95 అనే వృత్తి అర్హత కావాలి. అక్కడ రూల్స్ గట్టివి. రోజుకు 9 గంటలే నడపాలి, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా వెళ్లొచ్చు. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాల్సిందే. వారాంతం పెద్ద రెస్టు క్యాబిన్‌లో పడుకుని గడపకూడదని కూడా 2020లో చట్టంలో రాసుకున్నారు.

రాసుకున్నారు సరే, అంతా అలాగే జరుగుతుందా? 2023లో జర్మనీలో గ్రేఫెన్‌హౌజెన్ అనే చోట, హైవే పక్కన, దాదాపు 60 మంది డ్రైవర్లు ట్రక్కులు ఆపేసి కూర్చున్నారు. జార్జియా, ఉజ్బెకిస్తాన్ లాంటి దేశాల వాళ్లు. పని చేయించుకున్నది ఒక పోలాండ్ గ్రూపు. జీతాలు రాలేదు. వారాల తరబడి అక్కడే వండుకుని తిన్నారు, ట్రక్కుల్లోనే పడుకున్నారు. చివరికి దాదాపు 3 లక్షల యూరోలు బాకీ వసూలు చేసుకుని గానీ కదల్లేదు. చట్టం బలంగా ఉన్న చోట కూడా కొత్తగా వచ్చినవాడి జీతం ఎగ్గొట్టడానికి చూసేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు ఐదు లక్షల లెక్క చూద్దాం. గంటకు 25 కెనడా డాలర్లు అనుకుందాం. వారానికి 50 గంటలు. నెలకు నాలుగు వారాలు. 25 ఇంటూ 50 ఇంటూ 4, అంటే 5000 డాలర్లు. డాలర్ 60 రూపాయలు అనుకుంటే 3 లక్షలు. ఇది టాక్స్ కట్ కాకముందు. తర్వాత రూమ్ రెంట్, తిండి, ఫోన్, చలికాలం బట్టలు. పైగా చాలా కంపెనీలు గంటకు కాదు, మైలుకు ఇస్తాయి. మంచులో రోడ్డు మూసేస్తే మైళ్లు నడవవు. ఇంకొన్ని కంపెనీలు నిన్ను ఉద్యోగిగా చూపించకుండా నీ పేరు మీదే ఒక కంపెనీ పెట్టిస్తాయి. దాన్ని అక్కడ డ్రైవర్ ఇంక్ అంటారు. చేతికి ఎక్కువ వచ్చినట్టు ఉంటుంది కానీ ఓవర్‌టైమ్ లేదు, లీవ్ లేదు, టాక్స్ తలనొప్పి నీదే. మంచి డబ్బే, కాదనను. కానీ ఐదు లక్షలు మిగలవు.

ఇదంతా చదివాక నాకు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. నేనే వెళ్తే? నవ్వకండి. నాకు లారీ కొత్త కాదు. మా నాన్న విజయవాడ నుంచి కలకత్తా లైన్‌లో పాతికేళ్లు లారీ నడిపాడు. నా బీటెక్ ఫీజు ఆ స్టీరింగ్ మీద నుంచి వచ్చిందే. సెమిస్టర్ ఫీజు డబ్బులకు డీజిల్ వాసన ఉండేది.

నాన్నకి ఫోన్ చేశాను. కెనడాలో ట్రక్కు నడిపితే ఎలా ఉంటుంది నాన్నా అన్నాను. వెనక నుంచి అమ్మ, "బీటెక్ చదివి లారీ ఎక్కుతాడంటనా? రేపు పిల్లనెవరిస్తారు?" అని అరుస్తోంది. నాన్న మాత్రం తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"ఒరేయ్, తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర ముంచుకొస్తే ఎక్కడ ఆపుతావు?"

అది డ్రైవర్ అడిగే ప్రశ్న అండీ. జీతం ఎంత అని కాదు, వీసా ఏంటి అని కాదు. నేను చదివింది చెప్పాను. కెనడాలో రోజుకు 13 గంటలకు మించి నడపకూడదు నాన్నా. డ్యూటీ మొత్తం 14 గంటలు. తర్వాత వరుసగా 8 గంటలు రెస్టు తీసుకోకుండా బండి తీయకూడదు. క్యాబిన్‌లో ఒక మిషన్ ఉంటుంది, ఎంతసేపు నడిపావో అదే రాసుకుంటుంది. 2023 జనవరి నుంచి అది లేకపోతే ఫైన్ వేస్తున్నారు.

కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఆపు అని చెప్పడానికి వాళ్లకి మిషన్ ఉందా? మాకు ఓనర్ ఫోన్ ఉండేదిరా. ఎక్కడున్నావ్, ఇంకా ఇచ్ఛాపురం దాటలేదా అని."

మన దగ్గర కూడా చట్టం ఉండేది నాన్నా అన్నాను. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48. నాన్న నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. కళ్ల కింద బామ్ రాసుకుని, ఆ మంటకి మెలకువగా ఉండి తుని దాటించిన రాత్రులు ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. నా ఫీజు కట్టాల్సిన నెలల్లో అలాంటి రాత్రులు ఎన్నో నేను ఎప్పుడూ అడగలేదు.

ఫోన్ పెట్టే ముందు ఒక మాట అన్నాడు. "పోతే పోరా. చిన్నతనం ఏముంది అందులో. కానీ బండి నేర్చుకుని పో, డబ్బులు కట్టి పోవద్దు."

ఆ మాటనే మీకు పనికొచ్చేలా విడదీసి చెప్తాను. ఎక్కడైనా రాసుకోండి.

ఒకటి. విదేశీ ఉద్యోగానికి మనుషుల్ని పంపే ఏజెంట్‌కి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి. ఆ ఏజెంట్ మన దగ్గర తీసుకోగలిగిన సర్వీస్ ఛార్జీ 30 వేలు, దాని మీద జీఎస్టీ. తొమ్మిది లక్షలు కాదు. రసీదు ఇవ్వాల్సిందే.

రెండు. కెనడా ఇమ్మిగ్రేషన్ సలహాకి డబ్బు తీసుకునేవాళ్లు అక్కడి లైసెన్స్ ఉన్న కన్సల్టెంటో, లాయరో అయి ఉండాలి. ఆ కన్సల్టెంట్ల లిస్టు ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తుంది. నంబర్ అడగండి. అడగ్గానే ముఖం మారితే మీకు జవాబు దొరికినట్టే.

మూడు. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాల సంస్థ ఉంది. మల్లేపల్లి ఐటీఐ క్యాంపస్‌లో ఆఫీసు. ఏపీ వాళ్లకి ఏపీఎన్ఆర్‌టీఎస్ ఉంది. ఏ కాగితం వచ్చినా సంతకం పెట్టే ముందు అక్కడ చూపించండి.

నాలుగు. మన దగ్గర హెవీ నడిపిన అనుభవం, దానికి కాగితం, రోడ్డు సైన్లు చదివి పోలీసుకి జవాబు చెప్పేంత ఇంగ్లీష్. ఈ మూడూ ఉంటే తలుపు ఎక్కడో ఒకచోట తెరుచుకుంటుంది. లేకపోతే ఎన్ని లక్షలు కట్టినా తెరుచుకోదు.

జనరేటర్ అన్న, నేను కలిసి ఈ-మైగ్రేట్‌లో వాళ్ల పేరు వెతికాం. లేదు. డబ్బు అడగడానికి వెళ్తే "నాన్ రిఫండబుల్" అన్నారట. అన్న పోలీసులకు కంప్లైంట్ ఇచ్చాడు. యాభై వేలు ఇంకా రాలేదు, వస్తుందో లేదో నేను మాట ఇవ్వలేను. కానీ మిగతా నాలుగు లక్షలు, ఊళ్లో వాళ్ల అమ్మ పేరు మీద ఉన్న ఎకరం అమ్మి కట్టాల్సినవి, అవి ఆగాయి. అన్నకి పన్నెండేళ్ల హెవీ అనుభవం ఉంది. పోవాలనే ఉంది. ఇప్పుడు రోజూ షూటింగ్ గ్యాప్‌లో బండిలో కూర్చుని ఫోన్‌లో ఇంగ్లీష్ నేర్చుకుంటున్నాడు. నిన్న నాకు గుడ్ మార్నింగ్ చెప్పాడు, సాయంత్రం ఆరింటికి.

కన్సల్టెన్సీ వాళ్లకి నో చెప్పాను. గొప్ప కోసం చెప్పట్లేదు. మన హైదరాబాద్ కుర్రాడు ఒకతను రష్యా తరఫున యుద్ధంలో చనిపోయాడని 2024 మార్చిలో తెలిసింది. సహాయకుడి ఉద్యోగం అని తీసుకెళ్లారు. వాళ్ల లాంటి కుర్రాళ్లను లాగింది ఒక వీడియో చానెల్. నా లాంటివాడే ఎవడో కెమెరా ముందు కూర్చుని నవ్వుతూ చెప్పాడు. ఆ కుర్చీలో నేను కూర్చోదలచుకోలేదు.

మీ ఇంట్లో, మీ గల్లీలో ఎవరైనా అడ్వాన్స్ కట్టడానికి రెడీగా ఉంటే, ఈ వీడియో వాళ్లకి పంపండి. కట్టేసిన వాళ్లుంటే కామెంట్లో రాయండి, ఏజెంట్ పేరు వద్దు, ఏం కాగితం ఇచ్చారో రాయండి, కలిసి చదువుదాం. మీ నాన్న డ్రైవర్ అయితే, ఈ రాత్రి ఫోన్ చేసి ఎక్కడ ఆపి పడుకున్నావని ఒక్కసారి అడగండి.

ఉంటాను అండీ. వచ్చే వారం కలుద్దాం.